కుట్టు మిషను, పాతది

పదకొండు దాటింది, నిద్ర పట్టడం లేదు. కారణం చెబితే మా ఆయనలాగే మీరూ నవ్వుతారు. మ్యూజియంలో అద్దాల బీరువాకి అంటించిన ఓ చిన్న చీటీ.

"కుట్టు మిషను. పాతది."

అంతే రాశారు! పాతదని కళ్ళున్న ఎవరికైనా తెలుస్తుంది కదా. అమ్మమ్మ మిషను అది. ఎవరిదో, దాని మీద ఏం కుట్టేవారో ఒక్క ముక్క లేదు. సింగర్ మిషన్లకు సీరియల్ నంబరుంటుంది, దాన్ని బట్టి ఏ ఏడాది తయారైందో తెలుసుకోవచ్చు. ఆ పాటి ఓపిక కూడా లేదా? పైగా లోపలంతా గుడ్డి వెలుతురు. పక్కన పరిచిన అమ్మమ్మ గౌను రంగు కూడా సరిగ్గా ఆనలేదు.

ఆ మిషను కింద కూర్చుని పెద్ద చక్రంతో బస్సు నడిపేదాన్ని. తోలు పట్టీ వదులైతే అమ్మమ్మ అర అంగుళం కోసి, తీగ ముక్కతో మళ్ళీ బిగించేది. అప్పుడు నా బస్సు రిపేరుకొచ్చినట్టు. ఒకసారి ఆవిడ సూది కింద గుడ్డ సర్దుతుంటే నేను చక్రం తిప్పేశాను. సూది ఆవిడ గోట్లోంచి దిగింది. అరవలేదు. "చక్రం వదిలెయ్యవే" అంది, మెల్లిగా. ఆ గోరు తర్వాత ఎప్పుడూ తిన్నగా పెరగలేదు. ఈ సంగతి అమ్మకి కూడా తెలీదు.

సరే, చీటీ గురించి మ్యూజియం కౌంటరు దగ్గరున్నావిడని గట్టిగానే అడిగాను. ఆవిడ ఏమీ అనకుండా రిజిస్టరు తీసి, మిషను నంబరు చూసి, ఫైల్లోంచి మేం ఇచ్చినప్పటి ఫారం బయటికి లాగింది. 'వస్తువు వివరాలు' అన్నచోట: కుట్టు మిషను. పాతది. నా చేతిరాతే, కింద సంతకంతో సహా.

వెలుతురు సంగతీ చెప్పింది. బట్టల మీద పడే వెలుతురు 50 లక్స్ (వెలుతురును కొలిచే లెక్క) దాటనివ్వరట, వెలిసిన రంగు మళ్ళీ రాదు కాబట్టి. బల్బులు పోయాయేమో అని వెటకారంగా అన్నదాన్ని, ఏం మాట్లాడను?

అయినా ఒక ఫోన్ చేసి అడగొచ్చుగా! 2022లో ప్రాగ్‌లో అంతర్జాతీయ మ్యూజియంల మండలి కొత్త నిర్వచనం ఒప్పుకున్నప్పుడు, జనం భాగస్వామ్యం అన్న మాట కూడా అందులో చేర్చారు. భాగస్వామ్యమంటే మరి ఇదే కదా? కానీ పక్క గదిలో చేస్తున్నది అదేనేమో. పాత గ్రూపు ఫోటో ముందు ఇద్దరు ముసలాయనలు, ఎడమ నుంచి మూడోవాడు అన్నా తమ్ముడా అని పోట్లాడుకుంటున్నారు. ఓ కుర్రాడు ఇద్దరి మాటా రాసుకుంటున్నాడు.

కొత్త ఫారం ఇచ్చారు. ఒకటిన్నర పేజీ నిండింది. గోరు సంగతి రాసి కొట్టేశాను, మళ్ళీ రాశాను.

సీరియల్ నంబరు ఫోటో తీసుకోవడం మాత్రం మర్చిపోయాను.