చెప్పు జారినా తెలియలేదు

కె.ఆర్.పురం స్టేషన్ మెట్లు దిగుతుంటే ఎడమకాలి చెప్పు పైమెట్టు మీదే ఉండిపోయింది. వెనక వస్తున్న అమ్మాయి "ఆంటీ, మీ చెప్పు" అని పిలిచేదాకా నాకు తెలియలేదు. అప్పటికి చాలా నెలలుగా అరికాళ్లలో తిమ్మిర్లు. కళ్లు మూసుకుని ముఖం కడుక్కుంటే పక్కకు తూలేదాన్ని.

ఒక డాక్టరు నడుము సమస్య అన్నారు, ఇంకొకరు టెన్షన్ అన్నారు. హిమోగ్లోబిన్ 12.8 ఉంది కాబట్టి రక్తం బాగుందన్నారు. నేను ఏళ్లుగా సొంతంగా ఫోలిక్ యాసిడ్ బిళ్లలు వేసుకుంటున్న సంగతి వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు.

మూడో డాక్టరుగారిది మా అనంతపురం వైపే. కాలి బొటనవేలి మీద ట్యూనింగ్ ఫోర్క్ ఆనించి, "అదురు తెలుస్తోందా అమ్మా?" అన్నారు. ఏమీ తెలియలేదు. విటమిన్ బి12తో పాటు హోమోసిస్టీన్ పరీక్ష రాశారు. ల్యాబులో రక్తం తీయగానే గొట్టాన్ని ఐసులో పెట్టారు. ఆలస్యమైతే రక్తకణాల్లోంచి అది బయటికొచ్చి లెక్క పెంచేస్తుందట. 15 లోపు ఉండాల్సింది నాకు 52 వచ్చింది.

పప్పులో, పెరుగులో ఉండే మిథియోనిన్ అనే అమైనో ఆమ్లాన్ని ఒళ్లు వాడుకునే దారిలో హోమోసిస్టీన్ పుడుతుంది. అది అక్కడే పేరుకుపోకూడదు. బి6 సాయంతో సిస్టీన్ అనే ఇంకో అమైనో ఆమ్లం వైపైనా పోవాలి, మళ్లీ మిథియోనిన్‌గానైనా మారాలి. అలా మళ్లీ మిథియోనిన్‌గా మారడానికి ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్ దాని బిళ్ల రూపమే), బి12 రెండూ కావాలి. నాకు ఫోలేట్ ఉంది, బి12 లేదు. "పాలున్నాయి, తోడు లేదమ్మా" అన్నారాయన. ఫోలిక్ యాసిడ్ రక్తహీనతను బయటపడనివ్వలేదు, కానీ నరాలను అది కాపాడలేదు. నేను శాకాహారిని. పాలు, పెరుగుల్లోని బి12 విడివడాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి. ఏళ్ల తరబడి పరగడుపున ఆ ఆమ్లాన్ని తగ్గించే పాంటాప్రజోల్ బిళ్ల వేసుకున్నదాన్ని, నాకెక్కడిది?

బి12 ఇంజెక్షన్లు మొదట రోజు విడిచి రోజు, తర్వాత వారానికొకటి, ఇప్పుడు నెలకొకటి. పది వారాలకు హోమోసిస్టీన్ 13కి దిగింది. కాళ్లు మాత్రం అంత తొందరగా తేరుకోలేదు. మొదట్లో తిమ్మిర్లు ఇంకా పెరిగాయి, భయంతో ఏడ్చాను కూడా. ఐదో నెలలో ఒక పొద్దున గుమ్మం ముందు నిలబడితే, రాలిన ముగ్గుపిండి కాలికింద గరగరమంది. చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

హిందూపురంలో అమ్మ పన్నెండేళ్లుగా షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతోంది. ఆ మందూ బి12ను తగ్గించగలదని విని పరీక్ష చేయించాను. తక్కువే ఉంది. అరికాళ్లు మంటలని మూడేళ్లుగా చెబుతూనే ఉంది అమ్మ. షుగరే కదా అనుకున్నాం.