రాగికి మర్యాదలు: ఊరకుక్క శిక్షణ, జూన్ నుంచి డిసెంబరు దాకా

జూన్

రాగి మా ఇంటికి వచ్చేసరికి దాని వయసు ఏడాది దాకా ఉంటుంది. అచ్చమైన ఊరకుక్క. రేబిస్ టీకా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ రెండూ అయిపోయాయి. విశాఖపట్నంలో మాది మూడో అంతస్తు ఫ్లాటు. వచ్చిన కొద్దిరోజులకే దాని చిక్కులు బయటపడ్డాయి: కాలింగ్ బెల్ మోగితే ఆగని అరుపు, చుట్టాల మీదకు ఎగరడం, నడకలో తాడు లాగడం, పెద్ద చప్పుడు వినబడితే మంచం కిందికి దూరడం.

"వెల్లకిలా పడేసి అదిమిపట్టండి, యజమాని ఎవరో దానికే తెలుస్తుంది" అని చాలామంది చెప్పారు. ఈ నమ్మకం తోడేళ్ల మీద జరిగిన పాత పరిశీలనల నుంచి వచ్చింది. గుంపులో పోట్లాడి పెత్తనం తెచ్చుకుంటాయని 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే పరిశోధకుడు రాసింది జంతుప్రదర్శనశాలలో బంధించి ఉంచిన తోడేళ్ల గురించి. అడవిలో తోడేళ్ల గుంపు అంటే సాధారణంగా తల్లి, తండ్రి, వాటి పిల్లలేనని తోడేళ్ల శాస్త్రవేత్త డేవిడ్ మెక్ 1999లో స్పష్టంగా రాశారు. అదిమిపడితే కుక్కకు మన చేతులంటే భయం పట్టుకుంటుంది, అంతే. నేను ప్రతి చిక్కుకూ రెండే ప్రశ్నలు వేసుకుంటున్నాను: ఈ పని వల్ల దానికి ఏం దక్కుతోంది? దీనికి బదులు ఏం చేయాలో మనం నేర్పామా?

ముందు ఇంట్లో మాటలు ఖాయం చేశాం. అత్తయ్య "కూర్చో" అంటే, మా అబ్బాయి "సిట్" అనేవాడు. ఇప్పుడు అందరిదీ "కూర్చో" ఒక్కటే. సరైన పని చేసిన క్షణంలో "భేష్" అనాలి, వెంటనే ముక్క పెట్టాలి. ఆలస్యమైతే రాగి ఈలోగా లేచి నిలబడుతుంది, అప్పుడు లేచినందుకే బహుమతి ఇచ్చినట్టవుతుంది. ముక్క అంటే ఉప్పు, మసాలా, ఉల్లిపాయ లేకుండా ఉడికించిన కోడిమాంసం, శనగగింజంత. పెట్టినదంతా లెక్కవేసి రాత్రి భోజనంలో తగ్గిస్తున్నాను. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ కుక్కలకు విషం. పిల్లలున్న ఇంట్లో ఈ జాబితా ఫ్రిజ్ తలుపు మీద ఉండాలి.

జూలై

నెలంతా కాలింగ్ బెల్ మీదే పనిచేశాం. బెల్ మోగగానే అరుస్తుంది, కొరియర్ అబ్బాయి పెట్టె ఇచ్చి వెళ్లిపోతాడు. రాగి లెక్కలో తను అరిచింది కాబట్టే అతను పోయాడు. రోజూ ఇలా గెలుస్తూ ఉంటే ఎందుకు మానుతుంది? దానికి తోడు మేమంతా "ఊరుకో, ఊరుకో" అని గొంతు పెంచితే, మేమూ వంత పాడుతున్నామనుకుంటుంది.

అందుకే దానికి వేరే పని అప్పగించాం. గుమ్మానికి నాలుగైదు అడుగుల దూరంలో పాత చాప వేశాను. మొదట బెల్లుతో సంబంధమే లేదు. చాప మీద కాలు పెడితే భేష్, ముక్క. తర్వాత నాలుగు కాళ్లూ పెడితే, ఆపైన పడుకుంటే. "చాప" అనగానే తనంతట తానే వెళ్లడం మొదలుపెట్టాక మా బెల్ మోతను ఫోనులో రికార్డు చేసి, చాలా తగ్గించి వినిపించాను. చెవి కదిలింది, అరుపు రాలేదు. బెల్ మోత, వెంటనే "చాప", ముక్క. కాస్త కాస్తగా శబ్దం పెంచాం. తర్వాత మావారు బయటికెళ్లి నిజం బెల్ నొక్కారు. ఆ తర్వాత వంతు ఎదురింటి పిన్నిగారిది. కూరగాయలు తెచ్చుకుంటూ వచ్చినప్పుడల్లా ఓపిగ్గా ఒకసారి నొక్కి వెళ్లేవారు.

ఎగరడానికి మందు ఇంకా సులువు. అది ఎగిరేది మన ముఖం కోసం, మన చేతుల కోసం. ఎగిరితే ఎవరూ చూడరు, తాకరు, మాట్లాడరు. నాలుగు కాళ్లూ నేల మీద ఉంటేనే పలకరింపు. అయితే మానే ముందు ఇంకా గట్టిగా ఎగురుతుంది. ఇంతకుముందు పనిచేసిన ఉపాయం ఉన్నట్టుండి పనిచేయకపోతే ఏ ప్రాణైనా మరింత బలంగా ప్రయత్నిస్తుంది. అక్కడ ఒక్కరు లొంగి తల నిమిరినా, గట్టిగా ఎగిరితేనే ఫలితమని నేర్చుకుంటుంది. వచ్చే చుట్టాలకు ఫోనులోనే ముందుగా చెబుతున్నాను.

అరుపుల మీద అపార్ట్‌మెంటులో ఫిర్యాదు వచ్చింది. పెంపుడు కుక్కలను సంఘాలు నిషేధించకూడదని భారత జంతు సంక్షేమ మండలి 2015 మార్గదర్శకాల్లో ఉంది. ఆ కాగితం చూపించి గెలవచ్చు. కానీ పక్కింట్లో పసిపాప నిద్ర లేస్తుంటే మన పని మనం చేయాల్సిందే.

ఆగస్టు

తాడు లాగడం: ఛాతీ దగ్గర కొక్కెం ఉన్న హార్నెస్ (మెడకు బదులు ఒంటికి తొడిగే పట్టీ) కొన్నాం. లాగితే నిలబడిపోతాను, తాడు వదులైతే నడుస్తాను. మొదట్లో వీధి చివరికి చేరడమే గగనమైంది. వాసన చూడటానికి మాత్రం కావలసినంత సమయం ఇస్తున్నాను, దాని సగం ఆనందం అక్కడే ఉంది. ఎండ కాసిన రోజున చేతి వెనుక భాగాన్ని రోడ్డుకు ఆనించి చూస్తాను. ఏడు సెకన్లు ఓర్చుకోలేకపోతే దాని అరికాళ్లూ ఓర్చుకోలేవు.

గిన్నె దగ్గరికి మా అబ్బాయి వెళితే ఒకసారి గుర్రుమంది. గుర్రుమన్నందుకు కొట్టకూడదు. అది హెచ్చరిక. దాన్ని అణచివేస్తే చెప్పకుండా కరిచే కుక్క తయారవుతుంది. ఇప్పుడు తినేటప్పుడు పిల్లవాడు దూరం. దూరం నుంచి పెద్దవాళ్లమే గిన్నెలోకి మంచి ముక్క విసిరి వెళ్లిపోతున్నాం. మనిషి వస్తే ఉన్నది పోదు, ఇంకొంత వస్తుంది అని దానికి అర్థమవుతోంది. నిజంగా కరిచే కుక్క అయితే ఈ ప్రయోగాలు ఇంట్లో చేయకుండా పశువైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

సెప్టెంబరు నుంచి దీపావళి దాకా

టపాసుల శబ్దాల రికార్డింగు సన్నగా పెట్టి, అది వినబడుతుండగా భోజనం. తినడం ఆపితే శబ్దం ఎక్కువైందని అర్థం, వెంటనే తగ్గించాలి. ఈ పని పండగ వారంలో మొదలుపెడితే లాభం లేదు, నెలల ముందే కావాలి.

పండగ రోజున చీకటి పడకముందే నడిపించి తెచ్చాం. కిటికీలు లేని లోపలి వసారాలో దాని చాప, పైన ఫ్యాను, రేడియో. మెడపట్టీకి మా ఫోను నంబరున్న బిళ్ల కట్టాను, భయంతో పారిపోయే కుక్కలు ఆ రాత్రే ఎక్కువ. దగ్గరికి వచ్చి ఆనుకుని కూర్చుంటే నిమిరాను. నిమిరితే భయం పెరుగుతుందనే మాట నమ్మకండి. వణికింది, అయినా నా చేతిలోంచి ముక్క తీసుకుంది. భయం పూర్తిగా కమ్మేసిన కుక్క తిండి ముట్టదు, కాబట్టి నాకు అదే పెద్ద విజయం. మరీ బెదిరిపోయే కుక్కలకు పశువైద్యులు మందులు ఇస్తారు. మన మాత్రలు మనమే వేయడం ప్రమాదం.

డిసెంబరు

బెల్ మోగితే ఒకటి రెండు అరుపులు, తర్వాత చాప మీదికి. ముక్క ఇప్పుడు ప్రతిసారీ ఇవ్వడం లేదు, అప్పుడప్పుడే. ఎవరైనా హెల్మెట్ పెట్టుకుని గుమ్మంలోకి వస్తే మాత్రం అన్నీ మరిచిపోతుంది. అందుకని హాల్లో నేల మీద హెల్మెట్ పెట్టాను. ఇవాళ దాని పక్కన ముక్కలు చల్లితే ముక్కు సాచి, వెనక కాళ్లు దూరంగానే ఉంచి తిన్నది. వచ్చే వారం నేను దాన్ని చేతిలో పట్టుకుంటాను, తర్వాత తలకు పెట్టుకుంటాను, ఆ తర్వాత మావారు అది పెట్టుకుని బెల్ నొక్కుతారు.