మొదటి కంటైనర్ జీడిపిక్కలు తెప్పించుకున్న నా అనుభవం

పలాసలో మాది చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానం తోటలను పడగొట్టాక ఇక్కడి పిక్కలు ఏడాది పొడవునా బాయిలర్‌కు చాలడం లేదు. అందుకే ఈసారి నేరుగా టాంజానియా నుంచి తెప్పించాను.

దిగుమతి కోడ్ ఆన్‌లైన్‌లో ఐదు వందలకే వచ్చింది. బ్యాంకు పని కూడా సులువుగానే అయింది.

చిక్కంతా విశాఖ పోర్టులో. మామూలుగా పిక్కలపై సుంకం రెండున్నర శాతం. బాగా వెనుకబడిన దేశాల నుంచి వచ్చే పిక్కలకు సుంకం ఉండదు. 2008 ఏప్రిల్‌లో ఢిల్లీ ఆఫ్రికా సదస్సులో మన్మోహన్ సింగ్ ప్రకటించిన రాయితీ అది. టాంజానియా ఆ జాబితాలో ఉంది, సరుకు ఆ దేశానిదేనని చెప్పే మూల ధ్రువపత్రం నా చేతిలో ఉంది. కౌంటర్ దగ్గర కస్టమ్స్ అధికారి కాగితం తిప్పి, ‘మధ్యలో కొలంబో ఎందుకుంది?’ అన్నాడు. ఓడ మారిందన్నాను. ‘అక్కడ సరుకు మార్చలేదని ఏంటి రుజువు? ఈమాత్రం తెలియకుండా దిగుమతులెందుకు?’ అని పదిమంది ముందు అన్నాడు. మా ఏజెంటు తల వంచుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. బయటికొచ్చాక, ‘సుంకం కట్టేయండి సార్’ అన్నాడు. నేను కట్టనన్నాను. చట్టం ఇచ్చిన హక్కును ఎందుకు వదులుకోవాలి?

ఆ రాత్రి లాడ్జిలో కూర్చుని నిబంధనలు చదివాను. దారిలో దించి ఎక్కించడం తప్ప వేరే ఏమీ చేయకపోతే రాయితీ పోదు. షిప్పింగ్ లైన్ నుంచి టాంజానియా–విశాఖ ఒకే రవాణా బిల్లు, కొలంబోలో తెరవలేదన్న లేఖ తెప్పించాను. కంటైనర్ సీలు మీది అంకెలను బిల్లుతో ఒక్కొక్కటే వేలు పెట్టి సరిచూశాను. అన్నీ కలిశాయి. సుంకం పడలేదు, కానీ కంటైనర్ పోర్టులో ఆగిన పదకొండు రోజుల అద్దె మీద పడింది. పూచీ కట్టి సరుకు ముందే విడిపించుకోవచ్చని ఏజెంటు చెప్పనేలేదు. చెప్పని ఏజెంటుకు పని ఇవ్వకండి. ఓడ బయలుదేరకముందే ఆ లేఖ అడగండి.

ఇప్పుడు ఫ్యాక్టరీలో నలభైమంది ఆడవాళ్లకు పని ఉంది. నాన్న మాత్రం నాతో సరిగా మాట్లాడటం లేదు. ‘ఓడ దిగిందంటే మన పిక్కల ధర పడిపోద్ది రా’ అన్నాడు. అది నిజమే, మా తోట పిక్కలు ఇంకా షెడ్డులోనే ఉన్నాయి. ఈ వారం ముందు వాటినే ఉడికిస్తున్నాను, నిరుడు ఇచ్చిన ధరకే.