నూరు దేనారాలు చిన్న అప్పేమీ కాదు

గురువారం, మే నెల.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో చేపల వేట నిషేధం. విశాఖలోని పెద జాలరిపేటలో మగవాళ్లంతా ఇంటిపట్టునే ఉన్నారు. మిగతా నెలల్లో గురువారం ఇళ్ల దగ్గర నేను పెట్టే కాటేజీ మీటింగుకి, అంటే ప్రార్థన కూటానికి, ఆడవాళ్లే వస్తారు. ఇప్పుడు మగవాళ్లు కూడా అరుగుల మీద వలలు బాగుచేసుకుంటూ వాక్యం వింటున్నారు. అయితే చేతిలో డబ్బు ఆడని కాలం కూడా ఇదే. పాత బాకీలు, పాత కోపాలు అన్నీ ఈ రెండు నెలల్లోనే పైకొస్తాయి.

వారంలో మిగతా రోజులు ఇంచుమించు ఒకేలా గడుస్తాయి. సోమవారం బట్టలు ఉతుక్కుని అమ్మకి ఫోను చేస్తాను. మంగళవారం పెద్దాసుపత్రి కేజీహెచ్ వార్డుల్లో ప్రార్థన. పాడేరు వైపు నుంచీ శ్రీకాకుళం నుంచీ వచ్చిన వాళ్లకి వాక్యం కన్నా ముందు స్కానింగ్ గది ఎటో చూపించే మనిషి కావాలి, ఆ పని చేస్తాను. బుధవారం బైబిలు స్టడీ, శుక్రవారం ఉపవాస ప్రార్థన, ఆదివారం సండే స్కూలు, ఆరాధన. నాకు బాగా ఇష్టమైనది గురువారమే.

ఈరోజు మత్తయి 18వ అధ్యాయం తీశాను. ఎన్నిసార్లు క్షమించాలని పేతురు అడగడం, ‘డెబ్బది ఏళ్ల మారులమట్టుకు’, అంటే డెబ్బై ఏడుల సార్లు, అని ప్రభువు చెప్పడం, ఆ తర్వాత అప్పుపడ్డ దాసుడి ఉపమానం. రాజు ఆ దాసుడికి పదివేల తలాంతుల అప్పు కొట్టేస్తాడు, వాడేమో తనకి నూరు దేనారాలు బాకీపడ్డ తోటి దాసుడి గొంతు పట్టుకుంటాడు. చదవడం పూర్తవగానే ఒక అక్క లేచింది. హార్బరులో వేలంపాటలో చేపలు కొని, గంపెత్తుకుని వీధులు తిరిగి అమ్ముకునే మనిషి. చీటీ పాడిన డబ్బు ఆడపడుచు చేతిలో పెడితే, ఆవిడ తిరిగి ఇవ్వకపోగా అసలు తీసుకోనే లేదని వీధిలో చెప్పిందట. అప్పటినుంచి రెండిళ్లకీ మాటల్లేవు.

“బావూ, అన్నిసార్లు సమించమంటావు గానీ, అది నాను ఎండలో గంప మోసి కట్టిన సీటీ. ఒగ్గీమంటావేటి?” అంది.

ప్రసంగాల్లో ఆ నూరు దేనారాల్ని చిల్లర కింద తీసిపారేయడం చాలాసార్లు విన్నాను. నాకది నచ్చదు. రెండు అధ్యాయాలు ముందుకెళ్తే ద్రాక్షతోట యజమాని రోజుకూలి ఒక దేనారమని మాట్లాడుకుంటాడు. అంటే నూరు దేనారాలు వంద రోజుల కూలి. 61 రోజులు వేట ఆగితేనే ఈ వీధిలో పొయ్యిలు ఎలా ఉన్నాయో అందరికీ తెలుసు. “నీకు జరిగింది చిన్న నష్టమని ప్రభువు ఎక్కడా అనలేదక్కా” అన్నాను. ఆవిడ కూర్చుంది, చూపు మాత్రం నా మీదే ఉంది.

మరి పదివేల తలాంతులు? ఒక తలాంతు దాదాపు ఆరువేల దేనారాలు. డిగ్రీ చదివే కుర్రాడొకడు ఫోనులో లెక్కేసి ఆరు కోట్ల రోజుల కూలి అన్నాడు. సెలవు లేకుండా పనిచేసినా లక్షా అరవై వేల ఏళ్లు దాటుతుంది. రాజు కొట్టేసినది అంత అప్పు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఈ మాటలు తెలుగులోకి రావడంలో విశాఖకి వాటా ఉందని ఇక్కడ చాలామందికి తెలియదు, అందుకే చెప్పాను. లండన్ మిషన్ వారు జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ 1805లో ఈ ఊరొచ్చారు. ఆనందరాయర్ అనే విశ్వాసి సాయంతో డెస్‌గ్రాంజెస్ మత్తయి, మార్కు, లూకా సువార్తల్ని తెనిగించాడు. క్రాన్ 1809లో, డెస్‌గ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. ఆ సువార్తలు శ్రీరాంపూరులో అచ్చయింది 1812లో. ఇద్దరూ ఆ పుస్తకాన్ని చేతిలోకి తీసుకోలేదు. పరిచర్యలో ఫలితం కనబడటం లేదని దిగులేసినప్పుడల్లా నాకు వాళ్లే గుర్తొస్తారు.

మీటింగు అయ్యాక బోటు మీద పనిచేసే కలాసీ ఒకడు నన్ను పక్కకి పిలిచాడు. ఈస్టరు నుంచి తాగుడు మానేశాడు. “దేవుడు సమించీసినాడంతారు, మా ఇంటిది మాత్రం ఏటీఎం కార్డు ఇవ్వదు” అని అతని బాధ. లూకా 19లో పన్నులు వసూలు చేసే జక్కయ్య కథ చదివి వినిపించాను. నన్ను నమ్మండని జక్కయ్య యెరికో ఊరివాళ్లని బతిమాలలేదు. ఆస్తిలో సగం బీదలకి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు అని అందరిముందూ లెక్క చెప్పాడు. నీ భార్య క్షమించింది కాబట్టే ఇంకా నీకు అన్నం పెడుతోంది, కార్డు ఇవ్వడానికి ఆమెకి ఇంకొంత కాలం కావాలి, ఆ కాలం ఆమెకి ఇవ్వు అన్నా, అని చెప్పాను. అతను ఔననలేదు, కాదనలేదు. అధ్యాయం నంబరు మాత్రం మళ్లీ అడిగి రాసుకున్నాడు.

నేను బయల్దేరుతుంటే ఆ అక్క సందు చివర ఆపింది. ఆడపడుచుతో మాట్లాడతానంది. పగ వద్దు, డబ్బు మాత్రం అడుగుతాను, నెలనెలా కొంచెంకొంచెంగా ఇచ్చినా సరేనంది. ఆ అడగడం తప్పని నేను అనలేదు, అనను కూడా. అబద్ధం అలాగే ఉండిపోతే రేపు ఆ రెండిళ్ల పిల్లలు కూడా ముఖాలు తిప్పుకుంటారు.

శనివారం సాయంత్రం వాళ్లింటికి వెళ్దాం, నువ్వూ రా బావూ అంది. పెద్దమనిషిగా తీర్పు చెప్పడానికైతే రాను, ప్రార్థన చెయ్యడానికైతే వస్తానన్నాను. రెండు కుటుంబాలూ ఎరిగిన పాస్టరు గారిని కూడా తీసుకెళ్లాలి, రేపు ఉపవాస ప్రార్థన అయ్యాక ఆయనతో మాట్లాడతాను.