సొరోరిటీ రిక్రూట్‌మెంట్: నమ్మమన్నారు, ఎలాగో చెప్పలేదు

నిన్ననే బిడ్ డే, అంటే చేరమని పిలుపు (బిడ్) ఇచ్చే రోజు, అయింది, గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. అమెరికా కాలేజీల్లో సొరోరిటీలు, అంటే ఈ అమ్మాయిల సంఘాల్లో చేరాలనుకునే మనవాళ్ల కోసం వేడి మీదే రాసేస్తున్నా.

రిజిస్ట్రేషన్, ఫీజు, ఫోటో పెద్ద పనేం కాదు. మొదటి రౌండ్‌లో హౌస్‌లన్నీ, అంటే ఒక్కో సొరోరిటీకీ, తిరగాలి. తలుపు తీయగానే పాటలు, చప్పట్లు. మాది ఖమ్మం అని చెప్తుండగానే ఇంకో అమ్మాయి వచ్చి, మనతో మాట్లాడుతున్న అమ్మాయి భుజం తడుతుంది. మొదటామె నవ్వుతూ మాయం. మళ్లీ ఖమ్మం నుంచి మొదలు. మనం బయటికొచ్చాక వీళ్లంతా మార్కులేస్తారు.

తర్వాత ఎవరు మళ్లీ పిలిచారో ఫోన్‌కి వస్తుంది. నాకు బాగా నచ్చిన హౌస్ లిస్టులో లేదు. "నువ్వు మాతోనే ఉండాలి" అని చేతులు పట్టుకున్నది వాళ్లే! డార్మ్ కారిడార్‌లో పక్క గది పిల్ల కేకలు పెట్టి గంతులేస్తోంది, నేను పళ్లు బిగబట్టి కంగ్రాట్స్ చెప్పి బాత్రూంలో దూరా. కారణం ఎవరూ చెప్పరు. రిక్రూట్‌మెంట్‌లో మాకు దారి చూపే కౌన్సెలర్‌ది ఒకటే పాట, "ట్రస్ట్ ద ప్రాసెస్", అంటే పద్ధతిని నమ్ము అని. ఆ ప్రాసెస్ ఏంటో చెప్పకుండా ఎలా నమ్మాలమ్మా?

నేనే కూర్చుని చదివా. 26 సొరోరిటీలకి కలిపి నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్ ఉంది, 1902 నుంచి. ఏ హౌస్ ఏ రౌండ్‌కి ఎందరిని పిలవాలో పాత ఏళ్ల లెక్కలు చూసి చెప్తారు. డిమాండ్ ఉన్న హౌస్ ముందే ఎక్కువమందిని తీసేయాలి, లేదంటే అందరూ చివరిదాకా దానికోసమే వేలాడతారు. ఈ ఒక్క ముక్క ముందే చెప్పుంటే నా ఏడుపు సగం తగ్గేది.

చివరిదైన ప్రిఫరెన్స్ రౌండ్ అయ్యాక, ఆ రౌండ్‌కి పిలిచిన హౌస్‌లని మన ఇష్టం ప్రకారం వరుసగా పెట్టి సంతకం చేయాలి. ఎంసెట్ వెబ్ ఆప్షన్లలాంటిదే, కాకపోతే మన ర్యాంకు మనకి తెలీదు. హౌస్‌లూ తమ లిస్టులిస్తాయి, ఒక్కో హౌస్ ఎందరిని తీసుకోవచ్చో ఆ కోటా చూసి జత కలుపుతారు. నా రూమ్మేట్ పంతానికి ఒక్క పేరే రాసింది, ఏదీ రాలేదు. పిలిచిన రెండూ రాస్తే కోటా నిండినా అదనంగా తీసుకునే వీలుంటుంది. 2012లో ఎకనామిక్స్ నోబెల్ వచ్చిన ఆల్విన్ రాత్ 1991లోనే ఇంకొకరితో కలిసి ఈ జత కలిపే పద్ధతి మీద పేపర్ రాశాడు, అప్పుడూ చాలామంది ఒక్క పేరే రాసేవాళ్లట. ఇంకోటి, సంతకం పెట్టి వచ్చిన బిడ్ వద్దంటే, వచ్చే ఏడు రిక్రూట్‌మెంట్ దాకా ఆ క్యాంపస్‌లో వీటిలో ఇంకెక్కడా చేరలేరు.

నాకు రెండో ఆప్షన్ వచ్చింది, మంచి పిల్లలే. ఫీజుల సంగతి మాత్రం సిగ్గుపడకుండా ముందే అడగండి. బిడ్ వచ్చిందని సంబరంగా ఫోన్ చేస్తే మా అమ్మ అడిగింది ఒక్కటే: "నెలకెంత కట్టాలె?"