బండి ఏం లాగుతుంది?

టెక్సాస్‌లో నేను పనిచేసే గేర్‌బాక్స్ షెడ్డుకి ఎక్కువగా వచ్చేవి డీజిల్ పికప్ ట్రక్కులు. గుర్రాల ట్రైలర్లు, పడవలు, ట్రాక్టర్లు లాగే బండ్లు. అంత బరువు లాగే బండికి క్లచ్ పెడల్ లేకపోవడం వచ్చిన కొత్తలో నాకు మింగుడు పడలేదు.

కస్టమర్లు చెప్పే కథ దాదాపు ఒకటే. ట్యూనింగ్‌తో ఇంజన్ పవర్ పెంచుకుంటారు. కొన్నాళ్లకి లోడుతో ఎత్తు ఎక్కుతుంటే ఆర్‌పీఎం పెరుగుతుంది, స్పీడు పెరగదు. ఆటోమేటిక్ బండ్లలో పెడల్‌తో తొక్కే క్లచ్ బదులు ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండేది టార్క్ కన్వర్టర్. అందులో లాకప్ క్లచ్ జారుతోందన్నమాట. కన్వర్టర్‌లో ఇంజన్ వైపు ఇంపెల్లర్ ఆయిల్‌ని విసిరితే ఆ తోపుకి గేర్‌బాక్స్ వైపు టర్బైన్ తిరుగుతుంది. ఆయిల్ మీద నడిచినంతసేపూ జారుడే, జారుడంటే వేడి. అందుకే స్పీడు అందుకున్నాక లాకప్ క్లచ్ రెండింటినీ కలిపి పట్టేస్తుంది. డాడ్జ్ పికప్‌లలో 5.9 లీటర్ల కమిన్స్ డీజిల్ ఇంజన్‌తో వచ్చిన 47ఆర్ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఆ క్లచ్‌కి ఒక్కటే డిస్క్. కంపెనీ ఇచ్చిన పవర్‌కి అది చాలు. 2001లో 505 పౌండ్-అడుగుల టార్క్ ఉన్న ఇంజన్‌ని మాన్యువల్‌తోనే అమ్మారు, ఆటోమేటిక్‌కి 460 దగ్గరే ఆపారు. ట్యూనింగ్ చేయించేవాళ్లు ఆ గీతని చిటికెలో దాటేస్తారు.

కౌంటర్ దగ్గర అసలు వాదన స్టాల్ స్పీడు మీద. బండి కదలకుండా పట్టి యాక్సిలరేటర్ తొక్కితే కన్వర్టర్ ఇంజన్‌ని ఎంత ఆర్‌పీఎం దాకా పోనిస్తుందో అదే స్టాల్ స్పీడు. రేసు కార్ల కబుర్లు విని హై స్టాల్ కావాలంటారు. పెట్రోల్ రేసు ఇంజన్‌కి పై ఆర్‌పీఎంలో గానీ బలం రాదు కాబట్టి దానికది సరే. ఈ డీజిల్‌కి 1600 దగ్గరే టార్క్ నిండుగా ఉంటుంది. హై స్టాల్ పెడితే ఇంజన్ ఊరికే తిరుగుతుంది, ఆయిల్ కాగుతుంది. మా హెడ్ మెకానిక్ మెక్సికో నుంచి వచ్చిన పెద్దాయన. ఏం లాగుతావని అడిగి, జవాబు వచ్చాకే కేటలాగ్ తెరుస్తాడు. ఆయన ఇంగ్లిష్ నాకన్నా తక్కువే, అయినా ఆయన మాటకి తిరుగుండదు. అదే నేను చెబితే ఓనర్ని పిలవమంటారు. ఇండియన్ అంటే కంప్యూటర్ ముందే కూర్చుంటాడని వాళ్ల లెక్క.

లోడు లాగే బండికి లో స్టాల్, మూడు డిస్కుల కన్వర్టర్ వేస్తాం. అదొక్కటే మారిస్తే సరిపోదు. క్లచ్‌ని పట్టి ఉంచేది ఆయిల్ ప్రెషర్, కాబట్టి ఆ ప్రెషర్‌ని నడిపించే వాల్వ్ బాడీ కూడా చూడాలి. పవర్ మరీ ఎక్కువైతే క్లచ్ జారకుండా పట్టినప్పుడు ఆ పవర్‌ని గేర్‌బాక్స్‌లోకి తెచ్చే ఇన్‌పుట్ షాఫ్ట్ విరగొచ్చు. ఇలా బిల్లు పెరుగుతుంటే దోచుకుంటున్నామనే చూపొకటి మా మీద పడుతుంది. ఆ చూపుకి అలవాటు పడిపోయాను.

టెన్షన్ పెట్టేది బిగింపు. కన్వర్టర్‌లో ముందే కొంత ఆయిల్ పోసి, తిప్పుతూ లోపలికి నెట్టాలి. టర్బైన్ షాఫ్ట్, స్టేటర్, ఆయిల్ పంపు, మూడు చోట్లా కూర్చోవాలి. పంపు దగ్గర కూర్చోకుండానే బోల్టులతో లాగితే పంపు పగులుతుంది. గేర్‌బాక్స్ ఇంజన్‌కి ఆనుకున్నాక కన్వర్టర్ చేత్తో తిరగాలి. తిరగలేదా, శుక్రవారం సాయంత్రమైనా సరే మళ్లీ వెనక్కి లాగాల్సిందే. పాత క్లచ్ పొడి మిగలకుండా కూలర్ పైపులు కూడా కడగాలి.

ఇక ఆయిల్ లెవెల్. గేర్ లివర్ పార్క్‌లో ఉన్నప్పుడు ఈ గేర్‌బాక్స్ కన్వర్టర్‌కి ఆయిల్ పంపదు. అందుకే ఇంజన్ ఆన్‌లో ఉంచి న్యూట్రల్‌లో చూడాలి. ఇంటికెళ్లి పార్క్‌లో చూసి, ఎక్కువైందని ఆయిల్ తీసేసేవాళ్లుంటారని ఆ మాట బిల్లు మీదే పెద్ద అక్షరాలతో రాసిస్తున్నాను.