వాటం

రాత్రి క్యాంప్‌సైట్‌కి చేరేసరికి బాగా చీకటి పడింది. మా క్యాంపర్‌ని, అంటే చక్రాల మీది మా చిన్న ఇంటిని, మట్టం చేసి, కరెంటు తగిలించి, మంచినీళ్ల పైపు బిగించేసరికే ఒంట్లో ఓపిక అయిపోయింది. మురుగునీళ్లు బయటికి పంపే సీవర్ హోస్ పని మాత్రం మిగిలే ఉంది. అంతకుముందు మూడు రాత్రులు డ్రైనేజీ కనెక్షన్ లేని చోట గడిపి వచ్చాం. సింకు, షవర్ నీళ్లు చేరే గ్రే ట్యాంకు నిండిపోయింది. సింకులో నీళ్లు వదిలితే షవర్ అడుగున తేలుతున్నాయి. తలకి లైటు కట్టుకుని బయటికెళ్లి, ఎప్పుడో జత చేసి అలాగే ఉంచిన రెండు హోసుల్నీ బయటికి లాగాను. ఒక కొస క్యాంపర్‌కి, ఇంకో కొస నేలలో ఉన్న మురుగు గొట్టానికి తగిలించి, గ్రే వాల్వు తీశాను. సగం పోయిందనిపించాక మూసేసి వచ్చి పడుకున్నాను.

పొద్దున మా ఆయన పిల్లవాణ్ణి తీసుకుని నడకకి వెళ్లారు. నేను పక్కబట్టలు సర్దుతుంటే కిటికీలోంచి నాన్న గొంతు వినిపించింది.

"అమ్మడూ, ఒకసారి ఇటు రా. నీ గొట్టం నీళ్లు తాగి పడుకుంది."

వెళ్లి చూస్తే నిజమే. క్యాంపర్ నుంచి మురుగు గొట్టం దాకా దూరం 8 అడుగులు. నేను పరిచింది 20 అడుగుల హోస్. మిగిలిన పొడవంతా గడ్డి మీద మెలికలు తిరిగి ఉంది. నేల కాస్త గుంటగా ఉన్న చోట హోస్ పొట్ట దిగేసి కూర్చుంది. చేతొడుగులు వేసుకుని అక్కడ పట్టుకుని కొంచెం ఎత్తాను. రెండు చివర్లూ తేలిగ్గా లేచాయి, మధ్య భాగం లేవనంది. లోపల నీళ్లు బరువుగా అటూ ఇటూ కదిలాయి. రాత్రి నేను వదిలిన నీళ్లే. సబ్బు, గిన్నెల జిడ్డు, అన్నీ అక్కడే ఉన్నాయి. రెండు హోసులు కలిసే అతుకు కూడా సరిగ్గా ఆ గుంటలోనే ఉంది. మోకాళ్ల మీద కూర్చుని దాని కింద గడ్డి తడిసిందేమోనని చూశాను. పొడిగానే ఉంది. అప్పుడు గానీ మనసు కుదుటపడలేదు.

ఇది గ్రే నీళ్లు కాబట్టి సరిపోయింది. రాత్రి తొందరలో బ్లాక్ ట్యాంకు కూడా తీసి ఉంటే? టాయిలెట్ నీళ్లు ఆ పొట్ట దగ్గర ఆగి, నీరు మెల్లగా జారిపోయి, గట్టిది మాత్రం అక్కడే మిగిలేది. రెండు మూడుసార్లు అలా జరిగితే హోస్ పూడుకుపోతుంది. పూడుకున్న హోస్‌ని విప్పడమంటే లోపలున్నది నేల మీద పడడమే. ఆ నేల మీద మేం వెళ్లాక ఇంకో కుటుంబం దిగుతుంది. వాళ్ల పిల్లలు ఇదే గడ్డి మీద చెప్పుల్లేకుండా తిరుగుతారు. ఈ పని చేస్తున్నంతసేపూ నా కళ్ల ముందు కదిలేది ఆ కాళ్లే.

నాన్న ముప్పయ్యేళ్లు ఇళ్లు కట్టించిన మనిషి. రిటైరై ఇన్నేళ్లయినా ఆయన సంచిలో చిన్న రసమట్టం, టేపు ఉంటాయి. క్యాంపర్‌ని మట్టం చేసేది కూడా ఆ రసమట్టంతోనే. "ముందు కొలువు. కొలవకుండా కదపకు" అన్నారు. కొలిచాం. క్యాంపర్ కింద హోస్ తగిలించే మూతి నేల నుంచి 14 అంగుళాల ఎత్తులో ఉంది. మురుగు గొట్టం నేలకి సమంగా లేదు, 4 అంగుళాలు పైకి లేచి ఉంది. అంటే మనకి దొరికే వాటం, నీళ్లు జారే ఎత్తు తేడా, 10 అంగుళాలు. ఇళ్ల డ్రైనేజీ పైపులకి నాన్న వాళ్లు పెట్టే లెక్క అడుగుకి పావు అంగుళం. ఆ లెక్కన 8 అడుగులకి 2 అంగుళాలు చాలు. మన హోస్ లోపల నున్నగా ఉండదు, ముడతల్లో కొంచెం కొంచెం నీళ్లు నిలుస్తాయి కాబట్టి ఇంకాస్త ఎక్కువే ఇవ్వాలి. అయినా 10 అంగుళాలంటే బోలెడు.

"చూశావా, చోటులో ఏ లోపమూ లేదు. పొడుగు ఎక్కువై పాడు చేసింది" అన్నారు.

నిజానికి నేను ఇన్నాళ్లూ హోస్ పొడుగ్గా ఉంటే మంచిదే అనుకునేదాన్ని. దూరం ఎంతైనా అందుతుంది కదా అని. అందడం వరకే చూశాను, మిగిలినది ఎక్కడికి పోతుందో చూడలేదు. మిగిలిన ప్రతి అడుగూ ఎక్కడో ఒకచోట కిందికి దిగాల్సిందే.

రెండు వాల్వులూ గట్టిగా మూసి ఉన్నాయని మరోసారి లాగి చూసుకున్నాను. క్యాంపర్ మూతి కింద లోతు తక్కువ ట్రే పెట్టి, హోస్‌ని తిప్పి ఊడదీశాను. ముందు ఊడదీయాల్సింది ఎప్పుడూ క్యాంపర్ వైపే. మురుగు గొట్టం వైపు కొస చిట్టచివర. ఊడిన కొసని భుజం ఎత్తుకి లేపి, చెయ్యి మార్చి చెయ్యి వేస్తూ, అడుగులో అడుగు వేసుకుంటూ మురుగు గొట్టం వైపు నడిచాను. పొట్టలో నిలిచిన నీళ్లు నా ముందు దొర్లుకుంటూ పోయి గుడగుడమని లోపలికి దిగాయి. ఇంకోసారి అలాగే నడిచాను. ఆ తర్వాతే అతుకు విప్పి రెండో హోస్ పక్కన పెట్టాను.

ఒక్క హోస్ 10 అడుగులు. 8 అడుగుల దూరానికి సరిగ్గా సరిపోయింది. బిగదీసి లాగకూడదు, ముడతలు పూర్తిగా సాగితే అతుకుల మీద బరువు పడుతుంది. కొంచెం వదులుగా, అంతే. క్యాంపర్ వైపు మూతికి చిన్న కొమ్ములుంటాయి. హోస్ చివరి కొక్కేలు ఆ కొమ్ముల మీద కూర్చునేలా పెట్టి, తిరగనని మొరాయించేదాకా తిప్పాలి. సగం తిప్పినా చూడ్డానికి పట్టుకున్నట్టే ఉంటుంది, ప్రమాదం అక్కడే. నేను తిప్పాక ఒకసారి వెనక్కి లాగి చూస్తాను. రెండో వైపు మరలున్న ఎల్బోని, అంటే మోచేయిలా వంగిన ముక్కని, మురుగు గొట్టంలోకి బిగిస్తాను. కొంతమంది ఊరికే దూర్చి పైన రాయి పెడతారు. నాకది ఏనాడూ నచ్చలేదు. బ్లాక్ వాల్వు తీసినప్పుడు 3 అంగుళాల గొట్టం నిండా ఒక్కసారిగా వచ్చి పడే నీటి ఊపుకి హోస్ ఎగిరిపడుతుంది. దాన్ని పట్టుకోవాల్సింది మర, రాయి కాదు.

కింద మడత స్టాండు పరిచాను. పిల్లల మడత నిచ్చెనలా సాగుతుంది, ఒక వైపు ఎత్తు, ఇంకో వైపు తగ్గుతూ వస్తుంది. దాని మీద హోస్ పెట్టి పట్టీలు వేశాను. చూడ్డానికి చక్కగా జారుడుబల్లలా ఉంది. నాకు సంతోషం వేసింది. నాన్న మాత్రం గడ్డి మీద ఒక పక్కకి ఒరిగి, కన్ను నేలకి ఆనించినంత కిందికి పెట్టి చూశారు.

"చివర్లో దిగింది తల్లీ."

నేనూ అలాగే వంగాను. స్టాండు చివరి మెట్టు ఎత్తు 2 అంగుళాలు. మురుగు గొట్టం మూతి 4 అంగుళాలు. హోస్ అంత దూరం బుద్ధిగా దిగుతూ వచ్చి, చివరి అడుగులో మాత్రం కిందికి పోయి మళ్లీ పైకి ఎక్కుతోంది. నిలబడి చూస్తే ఇది అసలు కనిపించదు. రాత్రిది పెద్ద పొట్ట, ఇది చిన్న పొట్ట, అంతే తేడా. నీరు పల్లమెరుగు అంటారు కదా, ఆ పల్లం అడుగు పొడవున్నా దానికి చాలు. మట్టం చేయడానికి చక్రాల కింద పెట్టే ప్లాస్టిక్ దిమ్మెలు రెండు మిగిలి ఉంటే, వాటిని స్టాండు చివరి భాగం కింద పెట్టాం. అప్పుడు చివరి మెట్టు మూతి కంటే కొంచెం పైకి వచ్చింది. నాన్న రసమట్టం హోస్ వెంట పెట్టుకుంటూ వెళ్లారు. బుడగ ప్రతిచోటా క్యాంపర్ వైపే జరిగి నిలిచింది. ఈ చివరి అడుగు కోసమే అరగంట పట్టి ఉంటుంది. ఆ అరగంట మీద నాకు ఏ బాధా లేదు.

ఆ తర్వాత బ్లాక్ ట్యాంకు. మీటరు మూడింట రెండు వంతులు చూపిస్తోంది. నేను అంతవరకూ ఆగుతాను. మొదటి ఏడాది మాకు ఇది తెలియదు. కనెక్షన్ ఉంది కదా, ఇంట్లో లాగే అనుకుని బ్లాక్ వాల్వు తీసే ఉంచాం. నీళ్లు ఎప్పటికప్పుడు పోయాయి, మిగతాది టాయిలెట్ కిందే కుప్పగా పేరుకుని గట్టిపడింది. ట్యాంకు ఖాళీగా ఉండాల్సిన రోజున నిండినట్టే ఉంది. నీళ్లు నింపి, నానబెట్టి, వదిలి, మళ్లీ నింపి, రెండు రోజులు మా ఆయన, నేను అదే పని చేశాం. ట్యాంకులో నీళ్లు నిండుగా ఉంటేనే, వాల్వు ఒక్కసారిగా తీసినప్పుడు ఆ వేగం అన్నింటినీ లాక్కుపోతుంది. కొత్తగా క్యాంపర్ తీసుకున్న వాళ్లెవరు కనబడినా నేను మొదట చెప్పేది ఈ సంగతే.

వాల్వు పిడి ఒక్క ఊపున లాగాను. క్యాంపర్ మూతికీ హోస్‌కీ మధ్య మాకు పారదర్శకమైన ఎల్బో ఉంది. జానెడు ముక్క అది, కానీ లోపల ఏం జరుగుతోందో చెప్పేది అదొక్కటే. ముందు చిక్కటి గోధుమరంగు గొట్టం నిండా, గాలి సందు లేకుండా. స్టాండు మీద హోస్ ఒక్కసారి వణికి కుదురుకుంది. తర్వాత రంగు పలచబడింది, గొట్టంలో పై సగం ఖాళీ అయింది, చివరికి సన్నటి ధార. బ్లాక్ మూసేసి గ్రే తీశాను. సబ్బు నురుగు తెల్లగా దూసుకొచ్చి, ఎల్బో గోడలకి అంటుకున్నవన్నీ కడుక్కుంటూ పోయింది. అందుకే గ్రే ఎప్పుడూ రెండోది. క్యాంప్‌సైట్‌లో ఉన్నన్నాళ్లూ గ్రే వాల్వు తెరిచే ఉంచే వాళ్లు చాలామంది ఉన్నారు, సౌకర్యమే. నేను మూసే ఉంచుతాను. తెరిచి ఉంచితే హోస్ కడగడానికి నీళ్లుండవు, మురుగు గొట్టంలో వాసనకి, పురుగులకి మన ట్యాంకులోకి దారి ఇచ్చినట్టూ ఉంటుంది.

నాన్న హోస్ పక్కనే కుర్చీ వేసుకుని చెవి పెట్టి వింటున్నారు. "ఆగట్లేదు. ఒకే ధ్వని వస్తోంది" అన్నారు. ఇళ్లు కట్టించే రోజుల్లో కొత్త పైపులో బకెట్టు నీళ్లు పోసి కింద నిలబడి ఇలాగే వినేవారట. నాకు ఈ మాట ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు.

రెండు వాల్వులూ మూసి, బ్లాక్ ట్యాంకులోకి టాయిలెట్ ద్వారా కొన్ని నీళ్లు, ట్యాంకు మందు పోశాను. అడుగు ఎండిపోకూడదు. చేతొడుగులు తీసి పారేసి, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, ఆ తర్వాతే మంచినీళ్ల కుళాయి ముట్టుకున్నాను. ఈ ఒక్క విషయంలో ఇంట్లో అందరి మీదా కేకలేస్తాను. మురుగు కడిగే పైపు వేరు, దాని రంగు వేరు, అది ఉండే అర వేరు. రెండూ ఒకచోట పెట్టనివ్వను.

మధ్యాహ్నం కొత్త చేతొడుగులు వేసుకుని, పక్కన పెట్టిన రెండో హోస్‌ని మురుగు గొట్టం దగ్గరే కడిగాను. బయటివైపు కాగితంతో తుడుస్తుంటే అతుకు నుంచి నాలుగో ముడత దగ్గర కాగితం తడిసింది. తుడిచాను. మళ్లీ అక్కడే తడి. వేలితో కొంచెం సాగదీసి చూస్తే ముడత మీద సూదిమొనంత చిల్లు. ఎండకి పెళుసెక్కిన చోట. రాత్రి ఆ చోటు పైవైపు ఉండబట్టి గడ్డి పొడిగా ఉంది. హోస్ ఇంకోలా దొర్లి ఉంటే ఆ నీళ్లన్నీ రాత్రంతా చుక్కచుక్కగా కారేవి.

"టేపు చుడదామా?" అన్నారు నాన్న.

"వద్దు నాన్నా. ఒక చోట పోయిందంటే మిగతా ముడతలు కూడా పోతాయి. ఇది పారేసి కొత్తది తీసుకుందాం."

ఆయన తలూపారు. తర్వాత నా పుస్తకం అడిగి తీసుకుని, ఈ రోజు పేజీ మీదే పైన తన చేత్తో రాశారు: 14, 4, 8. కింద చిన్న గీత గీసి, చివర్లో ఉన్న దిమ్మెలు రెండూ బొమ్మ వేశారు.

ఇప్పుడు రాత్రి తొమ్మిది. పిల్లవాడు స్నానం చేస్తున్నాడు. నీళ్లు షవర్ అడుగున ఆగకుండా పోతున్నాయి. పాత హోస్ రెండు కొసలకీ మూతలు బిగించి పెట్టాను, రేపు పొద్దున చెత్తలో వేసి రావాలి.